గీజర్ కథ: నీళ్లు వేడెక్కాయి సరే, పొగ ఎటు పోవాలి?

మామూలుగా మన ఎపిసోడ్స్‌లో ఏదో ఒక వస్తువు తీసుకుని దాని చరిత్ర చెప్పుకుంటాం, మధ్యలో రెండు జోకులు వేసుకుంటాం. ఈసారి వస్తువు మా ఇంటి బాత్రూమ్‌లోదే. గ్యాస్ గీజర్. ట్యాంకు ఉండదు. ట్యాప్ తిప్పగానే టక్ టక్ మని స్పార్క్, లోపల మంట, కాసేపట్లోనే వేడినీళ్లు. ట్యాప్ కట్టేస్తే మంట కూడా ఆరిపోతుంది. చాలా స్మార్ట్ మెషిన్. మొన్న డిసెంబర్‌లో అదే మా తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు. కోర్సు చేస్తానని ఊరి నుంచి వచ్చి నా ఫ్లాట్‌లో ఉంటున్నాడు. మియాపూర్‌లో, టాప్ ఫ్లోర్. ఆ రోజు చలి బాగా ఉంది. వాడు స్నానానికి వెళ్లాడు. నేను హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కాసేపటికి గమనించాను, బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్న శబ్దం ఆగట్లేదు. పిలిచాను, పలకలేదు. తలుపు కొట్టాను, పలకలేదు. మా బాత్రూమ్ గడియ ముందునుంచీ వదులే. రెండుసార్లు భుజంతో తోస్తే ఊడొచ్చింది. వాడు గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు, కళ్లు సగం తెరిచి.

హాల్లోకి లాక్కొచ్చాం. కాసేపటికి మాట్లాడాడు, వాంతి చేసుకున్నాడు, తల పగిలిపోతోందన్నాడు. ఇంట్లో కోవిడ్ టైమ్‌లో కొన్న ఆక్సీమీటర్ ఉంది. వేలికి పెట్టి చూస్తే 98. హమ్మయ్య అనుకున్నాను. పొద్దున్నే ఏమీ తినలేదు కదా, కళ్లు తిరిగి ఉంటాయిలే అనుకున్నాను. పక్క ఫ్లాట్‌లో ఉండే ఆంటీ నర్సు. గొడవ విని వచ్చారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ గీజర్?" రెండో ప్రశ్న, "వెంటిలేటర్ తెరిచి ఉందా?"

వెంటిలేటర్ తెరిచి లేదు. వారం కిందట చల్లగాలి కొడుతోందని దానికి అట్టముక్క పెట్టి టేప్ వేశారు. ఆ అట్టముక్క పెట్టింది నేనే.

ఆంటీ ఆ నంబర్ నమ్మొద్దన్నారు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లమన్నారు. అక్కడ వాడికి మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. సాయంత్రానికి మామూలు మనిషి అయ్యాడు. అందుకే ఈ కథ ఇలా కూర్చుని చెప్పగలుగుతున్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట. నేను చదివింది బీటెక్ మెకానికల్. ఉద్యోగం చేసింది సాఫ్ట్‌వేర్‌లో, అది వేరే విషయం. కానీ "ఇన్‌కంప్లీట్ కంబస్షన్" గురించి పరీక్షలో రాసి పాసైనవాణ్ణి. సరిపడా ఆక్సిజన్ లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. అదే చేత్తో వెంటిలేటర్‌కి టేప్ వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఇలాంటి మెషిన్ ఎవరు కనిపెట్టారు, మంటని తీసుకొచ్చి స్నానాలగదిలో ఎందుకు పెట్టారు అని వెతకడం మొదలుపెట్టాను. ఈ ఎపిసోడ్ అలా తయారైంది.

ముందు పేరు సంగతి. ఐస్‌లాండ్‌లో హౌకదాలుర్ అనే లోయ ఉంది. అక్కడ భూమిలోంచి మరిగే నీళ్లు ఒక్కసారిగా పైకి చిమ్మే బుగ్గ ఒకటుంది. దాని పేరు గేసిర్. పొంగి చిమ్మడం అనే అర్థమున్న వాళ్ల మాట నుంచి వచ్చింది. ఆ ఒక్క బుగ్గ పేరే ఇంగ్లీషులో అలాంటి బుగ్గలన్నిటికీ పేరైపోయింది. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ నీళ్లు అప్పటికప్పుడు వేడిచేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. దానికి ఆ బుగ్గ పేరు పెట్టాడు. అదే గీజర్. బ్రిటిష్ వాళ్లతో పాటు ఆ మాట మన దగ్గరికి వచ్చి ఇక్కడే సెటిలైపోయింది. మనం కరెంటుతో నడిచేదాన్ని కూడా గీజర్ అనే అంటాం.

మాన్ యంత్రం ఎలా పనిచేసేదంటే, కింద గ్యాస్ బర్నర్లు, పైనుంచి చల్లనీళ్లు. మంట నుంచి లేచిన వేడి వాయువులు పైకి వెళ్తుంటే నీళ్లు కిందికి దిగుతూ వేడెక్కేవి. ఆ నీళ్లు నేరుగా టబ్బులోకి. అప్పటిదాకా లండన్ ఇళ్లలో వంటింట్లో నీళ్లు కాచి పనివాళ్లు జగ్గులతో మెట్లెక్కి మోసుకెళ్లేవాళ్లు. వాళ్ల కళ్లతో చూస్తే ఇది మ్యాజిక్.

కానీ ఆ మెషిన్‌లో ఒకటి లేదు. పొగ బయటికి పోయే గొట్టం. మండిన గ్యాస్ అంతా స్నానం చేసే మనిషి ఉన్న గదిలోకే వచ్చేది. పైగా అప్పటి లండన్ గ్యాస్ ఇప్పటి మన సిలిండర్ గ్యాస్ కాదు, బొగ్గు నుంచి తీసినది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ముందే కలిసి ఉండేది. మండకుండా లీకైనా విషమే, సరిగ్గా మండకపోయినా విషమే.

అంటే నీళ్లని అప్పటికప్పుడు వేడిచేయడం అనే సమస్య 1868లోనే, మొదటి మెషిన్‌తోనే తీరిపోయింది. ఆ తర్వాత ఇంజనీర్లు పడ్డ కష్టంలో పెద్ద భాగం ఇంకో ప్రశ్న మీద. పొగ ఎటు పోవాలి?

ఇప్పుడు జర్మనీ వెళ్దాం. 1894లో రెమ్‌షైడ్ అనే ఊళ్లో యోహాన్ వైలాంట్ అనే ఆయన "క్లోజ్డ్ సిస్టమ్" గ్యాస్ గీజర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఇందులో నీళ్ల దారి వేరు, మండిన గ్యాస్ దారి వేరు. రెండూ కలవవు. మధ్యలో లోహపు గోడ, ఆ గోడ గుండా వేడి మాత్రమే దాటుతుంది. మనం హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటామే, అది. పొగ నీళ్లని తాకనక్కర్లేదు అని తేలాక, ఆ పొగని పట్టి ఒక గొట్టంలో పెట్టి బయటికి పంపడం తేలికైంది.

దాదాపు అదే టైమ్‌లో అదే దేశంలో హ్యూగో యుంకర్స్ అనే ఇంజనీర్ గ్యాస్ ఇంజిన్ల మీద పనిచేస్తున్నాడు. ఏ గ్యాస్‌లో ఎంత వేడి ఉందో కొలవాలి. దానికి ఒక పరికరం చేశాడు, కెలోరీమీటర్. లోపల గ్యాస్ మండుతుంది, చుట్టూ నీళ్లు పారుతుంటాయి, లోపలికి వెళ్లిన నీళ్లు ఎన్ని డిగ్రీలు, బయటికొచ్చిన నీళ్లు ఎన్ని డిగ్రీలు అని చూస్తారు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇది ఇన్‌స్టంట్ గీజర్ కాదా? ఆయనకీ అదే అనిపించింది. 1895లో డెస్సావ్‌లో కంపెనీ పెట్టి గ్యాస్ వాటర్ హీటర్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ వ్యాపారం ఇచ్చిన డబ్బుతో తర్వాత విమానాల మీద ప్రయోగాలు చేశాడు. 1915లో ఎగిరిన యుంకర్స్ జే 1, పూర్తిగా లోహంతో చేసిన తొలి విమానంగా చరిత్రలో నిలిచింది. అప్పటిదాకా విమానాలంటే కర్ర, గుడ్డ. 1932లో ఆ హీటర్ల కంపెనీని బాష్ కొనుక్కుంది. స్నానాలగది డబ్బుతో విమానం చేసిన మనిషి కథ నాకు భలే నచ్చింది. దీని మీద ఇంకో ఎపిసోడ్ చేయొచ్చు.

ఇప్పుడు మూడో మనిషి. ఈయన గీజర్ చేయలేదు. కానీ మా తమ్ముడికి ఏమైందో మొదట సరిగ్గా చెప్పినవాళ్లలో ఒకడు. జాన్ స్కాట్ హాల్డేన్, స్కాట్లండ్ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో పేలుళ్లు జరిగినప్పుడు కార్మికులు ఎలా చనిపోతున్నారో పరిశీలిస్తే, చాలామంది పేలుడు దెబ్బకి కాదు, ఆ తర్వాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడ్‌కి చనిపోతున్నారని తేలింది. ఆయన ఊరుకోలేదు. ఆ గ్యాస్ తానే పీల్చి, ఎంత పీలిస్తే ఒంట్లో ఏమవుతుందో రాసుకుని, తన రక్తాన్ని పరీక్షించి 1895లో ప్రచురించాడు. గనుల్లోకి చిన్న పక్షుల్ని తీసుకెళ్లమని చెప్పిందీ ఆయనే. మనిషికంటే ముందు పక్షికి ప్రభావం కనిపిస్తుంది, అది కూలబడితే వెంటనే బయటికి పరిగెత్తాలి. బ్రిటన్ గనుల్లో కేనరీ పిట్టలు 1980ల దాకా ఈ డ్యూటీ చేశాయి.

అసలు ఈ గ్యాస్ చేసే పని ఏంటంటే, మన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఉంటుంది కదా, దాన్ని ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ వేరేవాళ్లు కర్చీఫ్ వేసి ఆపేసినట్టు. బస్సు తిరుగుతూనే ఉంటుంది, ఆక్సిజన్‌కి మాత్రం సీటు దొరకదు. రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్ లీకైతే మనకి తెలియాలని అందులో వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కి ఆ సౌకర్యం లేదు. మొదట తలనొప్పి, వికారం, తర్వాత కాళ్లలో బలం పోతుంది. తలుపు తీయాలని తెలిసేలోపే తీసే శక్తి ఉండదు.

మరి ఆక్సీమీటర్ 98 ఎందుకు చూపించింది? అది వేలిలోంచి కాంతి పంపి రక్తం రంగుని బట్టి లెక్క వేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తం దానికి ఆక్సిజన్ ఉన్న రక్తంలాగే కనిపిస్తుంది. సీటు నిండిందా లేదా అనే చూస్తుంది, ఎవరు కూర్చున్నారో చూడదు. ఈ ఒక్క పాయింట్ మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నేను ఆ నంబర్ నమ్మి వాణ్ణి పడుకోబెట్టేసేవాణ్ణి.

మామూలు గాలి పీలిస్తే ఆ గ్యాస్ రక్తంలోంచి సగం పోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నర. అందుకే హాస్పిటల్.

ఇప్పుడు మీకు ఒక డౌట్ రావాలి. కరెంటు గీజర్లు ఉన్నాయి కదా, పొగ గొడవే లేదు కదా, మరి గ్యాస్ ఎందుకు? దీనికి జవాబు మన గోడ మీద ఉన్న సాకెట్‌లో ఉంది.

నీళ్లని వేడిచేయడానికి ప్రపంచంలో రెండు దారులు నడిచాయి. ఒకటి ట్యాంకులో కాచి దాచిపెట్టుకోవడం. నార్వే నుంచి అమెరికా వెళ్లిన ఎడ్విన్ రూడ్ 1889లో పిట్స్‌బర్గ్‌లో ఆటోమేటిక్ స్టోరేజ్ హీటర్ చేశాడు. అమెరికా చాలావరకు ఆ దారిలో వెళ్లింది. ఇందులో ఇబ్బంది, మనం వాడకపోయినా ట్యాంకు చల్లారుతూ మళ్లీ వేడెక్కుతూ ఉంటుంది. రెండోది ట్యాంకు లేకుండా కావాల్సినప్పుడే కాచుకోవడం. కరెంటుతో ఇది చేసినవాళ్లలో ముందున్నది బెర్లిన్‌కి చెందిన థియోడోర్ స్టీబెల్. 1924లో నీళ్లలో ముంచే హీటర్‌తో కంపెనీ మొదలుపెట్టి, 1928కల్లా చిన్న ఇన్‌స్టంట్ హీటర్ తెచ్చాడు.

చిన్న లెక్క చేద్దాం, భయపడకండి. ఒక లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు కావాలి. చలికాలం మన ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలు, మనకి కావాల్సింది 40 అనుకోండి. అంటే లీటరుకి 84 కిలోజౌళ్లు. మన ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్ మీద మామూలుగా నడిచే గీజర్ 3 కిలోవాట్లు. లీటరుకి 28 సెకన్లు పడుతుంది. నిమిషానికి రెండు లీటర్లు. 15 లీటర్ల బకెట్ నిండాలంటే ఏడు నిమిషాలు. జర్మనీ ఇళ్లలో త్రీ ఫేజ్ లైన్ మీద 21 కిలోవాట్ల ఇన్‌స్టంట్ హీటర్ పెట్టుకుంటారు. దానికి అదే బకెట్ ఒక నిమిషం. మన ఫ్లాట్ వైరింగ్‌కి అంత లోడ్ ఇస్తే ఏమవుతుందో మీకే తెలుసు.

గ్యాస్‌కి ఆ సాకెట్ పరిమితి లేదు. మన దగ్గర దొరికే చిన్న గ్యాస్ గీజర్ నిమిషానికి ఆరు లీటర్లు ఇస్తుంది. 25 డిగ్రీలు పెంచుతూ ఆరు లీటర్లంటే 10 కిలోవాట్ల పైమాటే. కరెంటు పోయినా రెండు బ్యాటరీలతో వెలుగుతుంది. అందుకే బకెట్లు త్వరగా నిండాల్సిన ఇళ్లలోకి, ముఖ్యంగా అద్దె ఇళ్లలోకి ఇది బాగా వచ్చింది.

ఇప్పుడు ఇదే లెక్కకి రెండో వైపు. 10 కిలోవాట్లంటే వంటింట్లో పెద్ద బర్నర్లు నాలుగు ఫుల్‌గా పెట్టినట్టు. ఆ లెక్కన గంటకి దాదాపు కిలో గ్యాస్ మండుతుంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండాలంటే 15 కిలోలకు పైగా గాలి కావాలి, అంటే సుమారు 13 ఘనపు మీటర్లు. మా బాత్రూమ్ ఐదడుగులు బై ఏడడుగులు, ఎత్తు ఎనిమిది. మొత్తం కలిపి 8 ఘనపు మీటర్లు. తలుపు వేసి, వెంటిలేటర్‌కి అట్ట పెట్టి, గీజర్ పావుగంట నడిపితే గదిలో ఉన్న గాలిలో మూడో వంతుకి పైగా మంటే తినేస్తుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ మంట సరిగ్గా మండదు. నీలంగా ఉండాల్సింది పసుపు రంగుకి తిరుగుతుంది. ఎల్‌పీజీలో కార్బన్ మోనాక్సైడ్ లేదు, నిజమే. దాన్ని మనమే ఆ గదిలో తయారుచేసుకుంటాం.

అంటే ఆ రోజు మా బాత్రూమ్‌లో ఏం జరిగింది? గొట్టం లేని గీజర్, మూసిన గది, లోపల మనిషి. సరిగ్గా 1868 లండన్. మధ్యలో వైలాంట్, యుంకర్స్, హాల్డేన్ అందరూ చేసిన పనిని నేను ఒక అట్టముక్కతో కొట్టేశాను. మన దేశంలో న్యూరాలజీ డాక్టర్లు దీనికి "గ్యాస్ గీజర్ సిండ్రోమ్" అని పేరు పెట్టి జర్నల్స్‌లో రాస్తున్నారంటే, ఆ అట్టముక్క నా ఒక్కడి ఇంట్లోనే లేదన్నమాట.

ఈ సంగతి ఊళ్లో నానమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఆవిడ అన్నీ విని అడిగింది, "పొయ్యిని తీస్కపోయి స్నానాలగదిలో ఎవడన్నా పెడతాడారా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మా నానమ్మ దగ్గర రాగి బాయిలర్ ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో నిలువుగా గొట్టం, అందులో బొగ్గులో మొక్కజొన్న బెండ్లో వేసి నిప్పు పెడతారు. గొట్టం చుట్టూ నీళ్లు. పొగ మధ్య గొట్టంలోంచి పైకి పోతుంది, నీళ్లు పక్కన కుళాయిలోంచి వస్తాయి. పొగ దారి వేరు, నీళ్ల దారి వేరు. పేటెంట్ మాట పక్కన పెడితే ఐడియా వైలాంట్ చెప్పిందే. అంతకంటే ముఖ్యం, అది ఉండేది పెరట్లో. భోగి రోజు పొద్దున్నే తలంటుకి మేమంతా చలికి వణుకుతూ అక్కడికి వెళ్లి, బకెట్‌లో నీళ్లు పట్టుకుని లోపలికి మోసుకెళ్లేవాళ్లం. అప్పుడు అది పాతకాలం పద్ధతి అనిపించేది.

ఓనర్ అంకుల్‌తో మాట్లాడాను. మొదట "అందరిళ్లలో అట్లనే ఉంటది కదా" అన్నారు. తమ్ముడి రిపోర్ట్ చూపించాక మాట్లాడలేదు, ప్లంబర్‌ని ఆయనే పిలిచారు. ఇప్పుడు గీజర్ బయట యుటిలిటీ బాల్కనీలో ఉంది. గోడకి రంధ్రం పెట్టి పైపు ఒక్కటే బాత్రూమ్‌లోకి వస్తుంది. ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. పైపు పొడవు పెరిగింది కాబట్టి మొదటి రెండు మగ్గులు చల్లనీళ్లే. టాప్ ఫ్లోర్ కాబట్టి ట్యాంకు మా నెత్తి మీదే ఉంటుంది, ప్రెషర్ చాలక ఒక్కోసారి వెలగదు, రెండో ట్యాప్ కట్టేసి మళ్లీ ట్రై చేయాలి. బోరు నీళ్లకి లోపల ఉప్పు పేరుకుంటుంది, ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించాలి. ఇవన్నీ భరించగలిగే ఇబ్బందులే.

మీ ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే నాలుగు మాటలు. వీలైతే బయట పెట్టించండి. లోపలే ఉంటే, అది మార్చేదాకా తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, అప్పుడు తలుపు వేసుకుని స్నానం చేయండి. వెంటిలేటర్ ఎప్పుడూ మూయకండి, ఎంత చలి ఉన్నా సరే. మంట పసుపు రంగులో కనిపిస్తే వాడటం ఆపేసి మెకానిక్‌ని పిలవండి. లోపలున్నవాళ్లు పలకకపోతే మర్యాదలు చూడకండి, తలుపు తోసేయండి, గ్యాస్ కట్టేయండి, మనిషిని గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. ఆక్సీమీటర్ చూసి ఊరుకోకండి.

తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. ఈ ఎపిసోడ్ వాడికి చూపించాకే పోస్ట్ చేస్తున్నాను. "నువ్వు పెట్టిన అట్ట సంగతి చెప్పావా లేదా?" అని ఒక్కటే అడిగాడు. చెప్పాను.

వీడియో చూస్తున్నవాళ్లు ఒక్కసారి పాజ్ చేసి మీ బాత్రూమ్ వెంటిలేటర్ చూసి రండి. హాస్టల్లో, పీజీలో ఉండేవాళ్లు ముందు మీరే వెళ్లండి. దానికి పాత పేపరో, అట్టో, పాలిథిన్ కవరో అడ్డం పెట్టి ఉంటే తీసేసి, తీసేశామని కింద కామెంట్‌లో ఒక్క మాట రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.